చత్వారం వచ్చాక చిన్న పిస్తోలు

నలభై అయిదు దాటిన మనిషి పిస్తోలు పట్టుకుని షూటింగ్ రేంజ్‌లో నిలబడితే ముందుగా అడ్డొచ్చేది చత్వారం. చేతులు చాపి పట్టుకున్నప్పుడు గురి కోసం గొట్టం చివర ఉండే బుడిపె, అదే ముందు సైటు, కంటికి రెండడుగుల పైచిలుకు దూరంలో ఉంటుంది. పాతికేళ్ళ కుర్రాడికి దాని అంచులు గీసినట్టు కనిపిస్తాయి. మాలాంటి వాళ్ళకి అక్కడ ఏదో నల్లగా ఉందని మాత్రం తెలుస్తుంది. ప్రోగ్రెసివ్ కళ్ళద్దాలు ఇంకో తంటా. అద్దం కింది భాగంలోంచి చూద్దామని గడ్డం ఎత్తితే సైటు తేటపడి టార్గెట్ అలికేసినట్టవుతుంది, గడ్డం దించితే టార్గెట్ కనబడి సైటు మాయమవుతుంది. కోడి నీళ్ళు తాగినట్టు తల ఎత్తుతూ దించుతూ ఉంటే పక్క లేన్ వాడికి మంచి కాలక్షేపం.

రెడ్ డాట్ వైపు, అంటే పిస్తోలు మీద బిగించుకునే, చిన్న గాజులో ఎర్ర చుక్క చూపించే గురి పరికరం వైపు నన్ను నెట్టింది ఈ కళ్ళే. షాపుల్లో దాన్ని వేగం పేరు చెప్పి అమ్ముతారు: గురి తొందరగా కుదురుతుంది, పోలీసులు వాడుతున్నారు, పోటీల్లో కాల్చేవాళ్ళు వాడుతున్నారు అని. ఆ వేగం మీద నాకు పెద్ద పట్టింపు లేదు. చత్వారం వచ్చినవాడికి మాత్రం డాట్ నిజంగానే అవసరం అంటాను. చిక్కల్లా ఎక్కడంటే, చొక్కా కింద దాచుకునే అతి చిన్న పిస్తోలు మీద ఆ డాట్ బిగిస్తే లాభంలో సగం అక్కడే పోతుంది. చుక్కని కంటి ముందుకి తెచ్చేది చెయ్యి. చేతికి పట్టు దొరకని పిస్తోలు మీద కంటికి చుక్కా దొరకదు. పెట్టె మీద 'ఆప్టిక్స్ రెడీ' (డాట్ బిగించడానికి సిద్ధం) అని రాసి ఉందా అని చూసే ముందు, పిడి మీద చిటికెన వేలికి చోటుందా అని చూడమంటాను.

ఇది టెక్సస్‌లో, డాలస్ శివార్లలో ఉంటున్నవాడి గోల, అదీ పౌరసత్వం వచ్చాక. హెచ్-1బి మీద ఉన్న తమ్ముళ్ళకి ఒక మాట ముందే చెప్పాలి. నాన్-ఇమ్మిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్ళ దగ్గర గన్ గానీ తూటాలు గానీ ఉండడమే ఫెడరల్ నేరం. రేంజ్‌కి వెళ్ళి సరదాకి అద్దె గన్ పట్టుకోవడం కూడా ఇందులోకే వస్తుందని చాలామందికి తెలియదు. వేట లైసెన్సు ఉన్నవాళ్ళకి మినహాయింపు ఒకటుంది గానీ, దాన్ని నమ్ముకుని గ్రీన్ కార్డు కేసుని పణంగా పెట్టే ముందు లాయర్ని అడగండి. గ్రీన్ కార్డు చేతికొచ్చాక కొనుక్కోవచ్చు. షాపులో 4473 ఫారం నింపాలి, బ్యాక్‌గ్రౌండ్ చెక్ అవుతుంది. 2021 సెప్టెంబరు 1 నుంచి టెక్సస్‌లో 21 ఏళ్ళు నిండి, చట్టపరమైన అడ్డంకి ఏదీ లేనివాళ్ళు లైసెన్సు లేకుండానే పిస్తోలు నడుముకి పెట్టుకు తిరగవచ్చు.

ఇదంతా ఫోన్లో మా బావగారికి చెబితే ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆయన ఎరిగిన లోకంలో తుపాకీ లైసెన్సంటే కలెక్టరాఫీసు చుట్టూ తిరగడం, ఎన్నికలు ప్రకటించగానే దాన్ని తీసుకెళ్ళి పోలీస్ స్టేషన్లో అప్పజెప్పి రసీదు తెచ్చుకోవడం. ఇక్కడ కిరాణా కొట్టుకి వెళ్ళేవాడి నడుముకి ఉండే 9 ఎం.ఎం. అక్కడ మామూలు పౌరుడికి నిషిద్ధ బోరు, అంటే కొనకూడని తూటా సైజు. ప్రభుత్వ ఆయుధ కర్మాగారాలు జనానికి అమ్మే చేతి తుపాకుల్లో ఎక్కువగా కనిపించేవి .32 రకాలు. "అంత అవసరం ఏమొచ్చిందయ్యా?" అని చివరికి అడిగారాయన. న్యాయమైన ప్రశ్న. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

ముందు వస్తువు సంగతి. 2018 దాకా సన్నటి పిస్తోలు కావాలంటే తూటాలు తగ్గించుకోవాల్సిందే. 2015లో వచ్చిన గ్లాక్ 43లో మ్యాగజైన్‌కి (పిడిలో దూర్చే తూటాల పెట్టెకి) ఆరే. 2018లో సిగ్ కంపెనీ పీ365 తెచ్చి, ఇంచుమించు అదే మందంలో పది ఇమిడ్చింది. కిటుకు మ్యాగజైన్‌లో ఉంది. తూటాలని ఒకదాని మీద ఒకటి నిలువునా పేర్చకుండా, కాస్త అటూ ఇటూ జరిపి సర్ది, పైకొచ్చేసరికి ఒకే వరసలోకి తేవడం. మరుసటి ఏడాదే స్ప్రింగ్‌ఫీల్డ్ ఆర్మరీ హెల్‌క్యాట్ అని పదకొండుతో దిగింది. ఆ ఒక్క తూటా చుట్టూ ఎంత ప్రచారం! 2021లో స్మిత్ అండ్ వెసన్ షీల్డ్ ప్లస్, రూగర్ మ్యాక్స్-9, టారస్ జీఎక్స్4 వరసగా వచ్చాయి. లెక్కల పోటీ ఒక కొలిక్కి వచ్చాక కంపెనీలన్నీ స్లైడ్ (పిస్తోలు పైన ముందుకీ వెనక్కీ జరిగే భాగం) మీద డాట్ కూర్చోడానికి గాడి కోయడం మొదలుపెట్టాయి. ఇవాళ ఈ తరగతిలో గాడి లేని పిస్తోలు కోసమే వెతుక్కోవాలి.

నేను చేతిలో పట్టుకుని బాగా పరిశీలించింది హెల్‌క్యాట్ ఓఎస్‌పీ, అంటే డాట్ కోసం గాడి కోసి వచ్చే రకం. తయారయ్యేది క్రొయేషియాలోని కార్లోవాట్స్‌లో, హెచ్‌ఎస్ ప్రొడక్ట్ ఫ్యాక్టరీలో. అమెరికాలో స్ప్రింగ్‌ఫీల్డ్ పేరుతో అమ్ముతారు. బ్యారెల్ మూడంగుళాలు, మొత్తం పొడవు ఆరు, మందం ఒకటి, చిన్న మ్యాగజైన్ పెడితే ఎత్తు నాలుగు. ఖాళీగా బరువు 18 ఔన్సులకి కాస్త తక్కువ, అంటే అరకిలో చిల్లర. పెట్టెలో రెండు మ్యాగజైన్లు ఇస్తారు, ఒకటి పదకొండుది, రెండోది కింద కాస్త పొడుచుకొచ్చే పదమూడుది.

దాచడంలో దీనికి వంక పెట్టలేం. జూలైలో డాలస్ ఎండకి ఒంటి మీద టీషర్టు కూడా బరువే అనిపించే రోజుల్లో, పొట్ట ముందు హోల్‌స్టర్‌లో (తుపాకీ ఒరలో) ఇది ఉన్నట్టే తెలియదు. కారులో కూర్చున్నా గుచ్చుకోదు. ముందు సైటులో చీకట్లో తనంతట తానే మెరిసే ట్రిటియం దీపం, వెనక సైటులో తెల్లటి 'యు' ఆకారం. రెండూ పెద్దవి, తేటగా ఉంటాయి. మసక కళ్ళకి ఇంతకన్నా మంచి ఫ్యాక్టరీ సైటు ఈ ధరలో నేను చూడలేదు. పిడి మీద గరుకు కూడా ఆలోచించి పెట్టిందే. ఊరికే తగిలితే ఒంటికి గీసుకోదు, గట్టిగా పట్టుకుంటే మాత్రం అరచేతికి అతుక్కుంటుంది.

కాల్చడం దగ్గరికొచ్చేసరికి కథ మారుతుంది. అరకిలో పిస్తోలులోంచి 9 ఎం.ఎం. తూటా వెళ్తే వెనక్కి కొట్టే ఆ తన్ను ఎక్కడికో పోవాలి కదా, మణికట్టులోకి వస్తుంది. చిన్న మ్యాగజైన్‌తో పిడి మీద రెండు వేళ్ళే కూర్చుంటాయి. చిటికెన వేలు గాల్లో ఉంటుంది. మొదటి తూటా అనుకున్న చోటే పడుతుంది. రెండోది వెళ్ళేలోపు పిడి అరచేతిలో మెల్లిగా తిరుగుతుంది, మూడోదానికి మళ్ళీ పట్టు సర్దుకోవాలి. పదమూడు తూటాల మ్యాగజైన్ పెడితే చిటికెన వేలికి ఆసరా దొరికి ఇదే పిస్తోలు వేరే పిస్తోలవుతుంది. అంటే పెట్టెలోనే జవాబు పెట్టి అమ్ముతున్నారన్నమాట. పొడుగు పిడితో బాగా పేలుతుందని వాళ్ళకీ తెలుసు.

ఇప్పుడు డాట్. దాని పనితనం చాలా సాదా. చిన్న ఎల్‌ఈడీ దీపం వెలుగు ఒక గాజు మీద పడి వెనక్కి కంట్లోకి వస్తుంది. ఆ గాజు వంపు వల్ల చుక్క ఎక్కడో దూరంగా, టార్గెట్ దగ్గరే తేలుతున్నట్టు కనిపిస్తుంది. కన్ను దగ్గరి వస్తువు మీద ఫోకస్ చెయ్యనక్కర్లేదు. టార్గెట్‌నే చూడు, చుక్క దాని మీద వచ్చి వాలుతుంది. చత్వారం ఉన్నవాడికి వరం ఇదే. ప్రోగ్రెసివ్ అద్దాల పై భాగంలోంచి మామూలుగా ఎదురుగా చూస్తూ కాల్చవచ్చు, గడ్డం ఎత్తక్కర్లేదు. పదిహేను గజాల దూరంలో మామూలు సైటుతో నా గుళ్ళు కాగితమంతా చెదిరేవి. డాట్‌తో ఒక చోటికి చేరాయి. చెయ్యి అదే, పిస్తోలు అదే, మారింది కంటి పని.

ఒక హెచ్చరిక, మన వయసు వాళ్ళలో ఇది చాలామందికి ఉంటుంది కాబట్టి. ఆస్టిగ్మాటిజం (కంటి ముందు పొర వంపులో తేడా) ఉంటే చుక్క గుండ్రంగా కనిపించదు. తోక చుక్కగానో, చిట్లిన ద్రాక్షగుత్తిగానో కనిపిస్తుంది. డాట్ పాడైందనుకుని షాపుతో పోట్లాడే ముందు ఫోన్ కెమెరాని దాని వెనక పెట్టి ఫోటో తియ్యండి. ఫోటోలో గుండ్రంగా ఉంటే లోపం మీ కంటిదే. చుక్క వెలుతురు తగ్గిస్తే కొంత మేలు. కొందరికి ఆకుపచ్చ చుక్క ఎరుపు కన్నా తేటగా ఉంటుంది. ఏదీ కుదరకపోతే మామూలు సైటే నయం, అందులో నామోషీ ఏమీ లేదు.

అసలు పేచీ ఇక్కడినుంచి. మామూలు సైటులో చెయ్యి కాస్త వంకరగా లేస్తే కంటికి ఆ వంకర కనిపిస్తుంది. ముందు సైటు వెనక సైటులోంచి పక్కకి జరిగి ఉంటుంది, ఎటు సర్దాలో వెంటనే తెలుస్తుంది. డాట్ అలా దారి చూపదు. ఆ గాజు కిటికీ వెడల్పు ముప్పావు అంగుళానికి అటూ ఇటూగా, అంతే. పిస్తోలు ముక్కు కొంచెం పైకి లేచి ఉన్నా చుక్క కిటికీ దాటి వెళ్ళిపోతుంది. ఇక మిగిలేది ఖాళీ గాజు. చుక్క పైనుందో కిందుందో చెప్పేవాడు లేడు. కొత్తగా డాట్ పెట్టుకున్న ప్రతివాడూ పిస్తోలుని గుండ్రంగా ఊపుతూ చుక్కని వెతుక్కునేది ఇందుకే. హోల్‌స్టర్‌లోంచి తీసి కంటి ఎత్తుకి తెచ్చేసరికి చుక్క కిటికీలో సిద్ధంగా ఉండాలంటే, ప్రతిసారీ పట్టు ఒక్కలాగే పడాలి. పట్టు ఒక్కలాగే పడాలంటే పట్టుకోడానికి పిడి ఉండాలి.

చిన్న పిస్తోలు ఇక్కడ రెండు విధాల దెబ్బతీస్తుంది. చొక్కా ఎత్తి తొందరగా అందుకునేటప్పుడు పొట్టి పిడి మీద చెయ్యి పడే చోటు రోజుకోలా ఉంటుంది. వేలు అర అంగుళం తేడాగా పడితే ముక్కు పైకో కిందికో తిరుగుతుంది, చుక్క మాయం. రెండోది, తన్ను ఎక్కువ కాబట్టి ప్రతి తూటాకీ చుక్క కిటికీలోంచి ఎగిరిపోతుంది. బరువున్న పిస్తోలు మీద అది ఎగిరిన దారినే దిగొస్తుంది, కంటికి ఆ రాకపోకలు తెలుస్తాయి. పొట్టిదాని మీద ఒకసారి కుడినించి, ఒకసారి ఎడమనించి వస్తుంది. చేసే తప్పుల్ని డాట్ దాచదు, పెద్దవి చేసి చూపిస్తుంది. నేర్చుకునేవాడికి అది మంచిదే. ప్రాణం మీదికొచ్చిన క్షణంలో ఉన్నవాడికి కాదు.

"అన్నా, ప్రాక్టీస్ చేస్తే అన్నీ కుదురుతాయి," అంటాడు నాతో పాటు రేంజ్‌కి వచ్చే కుర్రాడు. కుదురుతాయి. ఇంట్లో, తూటాలు వేరే గదిలో పెట్టి, పిస్తోలు ఖాళీ అని రెండుసార్లు చూసుకుని, గోడ మీద ఒక గుర్తు పెట్టుకుని రోజూ కాసేపు తీసి చూపే సాధన చేస్తే కొన్ని వారాల్లో చుక్క దానంతట అదే వస్తుంది. వాడికి పెళ్ళి కాలేదు, పిల్లల్లేరు, వారం వారం రేంజ్‌కి వస్తాడు. వాడి వయసులో వాడికి మామూలు సైటే స్పష్టంగా కనిపిస్తుంది. డాట్ ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్ళకే సాధనకి తీరిక తక్కువ. ఈ వ్యాపారంలో ఎవరూ చెప్పని మాట ఇది. అందుకే ఆ తక్కువ సాధనని కూడా నిలబెట్టే పిస్తోలు కావాలి మనకి.

బిగింపు సంగతులు కొన్ని చెప్పకపోతే డబ్బు దండగ అవుతుంది. 'ఆప్టిక్స్ రెడీ' అంటే ఏ డాట్ అయినా కూర్చుంటుందని కాదు. ఈ చిన్న పిస్తోళ్ళలో ఎక్కువగా షీల్డ్ అనే డాట్ల కంపెనీ చేసే ఆర్‌ఎంఎస్‌సీ అన్న చిన్న డాట్ కొలతకి గాడి కోస్తారు. జనం ఎక్కువ కొనేది హోలోసన్ కంపెనీ డాట్లు 407కె, 507కె. వాటి అడుగు ఆ కొలతకి దగ్గరే గానీ అచ్చంగా అదే కాదు. కొన్ని పిస్తోళ్ళ మీద వాటిని కూర్చోబెట్టడానికి గాడి వెనకున్న చిన్న బుడిపెల్ని ఆకురాయితో అరగదీసినవాళ్ళున్నారు. కొన్నదాన్ని మొదటి రోజే అరగదీయడం నాకు చేతకాదు. ముందు డాట్ ఏదో ఖాయం చేసుకుని, అది నేరుగా కూర్చునే పిస్తోలు చూసుకోవడం మేలు. స్క్రూ పొడవు కూడా చూడాలి. కొన్ని మోడళ్ళలో పొడుగు స్క్రూ లోపల ఎక్స్‌ట్రాక్టర్ భాగాలకి తగిలి, కాలిన తొడుగు బయటికి రాకుండా చేస్తుంది. బిగించేది బిగువు కొలిచే టార్క్ రెంచితో, కంపెనీ చెప్పినంతే. స్క్రూ తల మీదుగా పెయింటు పెన్నుతో ఒక గీత గీస్తే, వదులైనప్పుడు గీత విరిగి కనిపిస్తుంది.

హెల్‌క్యాట్ ఓఎస్‌పీకి ఇక్కడ మార్కులు వెయ్యాలి. గాడి లోతుగా ఉంటుంది, పలక అడ్డం లేకుండా డాట్ కిందికి కూర్చుంటుంది, ఫ్యాక్టరీ సైట్లు అలాగే ఉండి గాజులోంచి కనిపిస్తాయి. బ్యాటరీ అయిపోయినా గురి పోదు. సిగ్ పీ365 ఎక్స్‌ఎల్‌లో వెనక సైటు గాడి మూతకే అంటుకుని ఉంటుంది. డాట్ పెట్టాలంటే మూత తీసెయ్యాలి, దాంతో వెనక సైటూ పోతుంది. చుక్క ఆరిపోయిన రోజు ఏం చేస్తారో ముందే ఆలోచించుకోవాలి. ఒంటి మీద మోసే డాట్‌కి ఇంకో శత్రువు చొక్కా నూలు. తెరిచి ఉండే రకంలో దీపం ముందు దూది పోగు పడితే చుక్క చెదిరిపోతుంది, చెమట చుక్క పడినా అంతే. రెండు పక్కలా గాజుతో మూసేసిన రకాలు వచ్చాయి, కాస్త ఎత్తు, కాస్త ధర. మన ఎండకీ చెమటకీ నేనైతే మూసిందే ఎంచుకుంటాను. బ్యాటరీ మాత్రం ఏళ్ళ తరబడి వస్తుందని వాళ్ళు ఎంత చెప్పినా పుట్టినరోజుకి ఒకటి మార్చేస్తే పోతుంది.

బావగారి ప్రశ్నకి వస్తాను. ఎందుకు? 2017 ఫిబ్రవరిలో కాన్సస్‌లోని ఒలేథేలో మన తెలుగు ఇంజనీరుని ఒక బార్‌లో కాల్చి చంపినప్పుడు ఇక్కడి ఇళ్ళల్లో మాటల ధోరణి మారింది. 2023 మే 6న డాలస్ పక్కన ఆలెన్ ఔట్‌లెట్ మాల్‌లో ఎనిమిది మంది చనిపోయారు, వాళ్ళలో ఒక తెలుగమ్మాయి. మేమందరం వారాంతాల్లో వెళ్ళే చోటు అది. ఆ తర్వాతే నాకు తెలిసిన వాళ్ళలో చాలామంది గన్ షాపు గడప తొక్కారు. వాళ్ళకి నేను చెప్పగలిగింది ఒక్కటే, రైఫిల్‌తో వచ్చినవాడి ముందు మూడంగుళాల బ్యారెల్ పట్టుకుని నిలబడి గెలుస్తామన్న భరోసా ఎవరూ ఇవ్వలేరు. చిన్న పిస్తోలు పనికొచ్చేది పార్కింగ్ లాట్‌లో నాలుగడుగుల దూరంలో జరిగే దానికి. అదీ చాలావరకు పరుగెత్తడానికి దారి లేనప్పుడు.

ఇంకో వైపు కూడా చూడాలి. అమెరికాలో తుపాకీ మరణాల్లో సగానికి పైగా ఆత్మహత్యలే. ఇంట్లో ఎదుగుతున్న పిల్లలుంటే, పరీక్షలూ గ్రేడ్లూ మన ఇళ్ళల్లో ఎంత బరువో తెలిసినవాడిగా, ఈ ఒక్క వాస్తవం ముందు డాట్‌లూ మ్యాగజైన్లూ చిన్న విషయాలు. మా ఆవిడ ఒప్పుకున్నది ఒక్క షరతు మీద: పిస్తోలు కన్నా ముందు సేఫ్ కొనాలి, దాని కోడ్ మా ఇద్దరికే తెలియాలి. టెక్సస్ చట్టం కూడా 17 ఏళ్ళ లోపు పిల్లలకి లోడ్ చేసిన గన్ అందేలా వదిలేస్తే నేరం అంటుంది. కానీ మా ఇంట్లో పని చేసింది చట్టం కాదు, ఆవిడే.

ఇక మోసే సంగతి. మన జీవితాల్ని ఒకసారి లెక్క వేసుకోండి. ఆఫీసు కంపెనీ పాలసీ ఒప్పుకోదు. బడి ఒప్పుకోదు. గుడికి వెళ్తే గుమ్మం దగ్గర గన్ దాచుకుని లోపలికి రావద్దనే 30.06 బోర్డు ఉంటుంది, ఎయిర్‌పోర్టు సంగతి చెప్పనక్కర్లేదు. ఆఫీసుకీ బడికీ గుడికీ రాని వస్తువుని ఎప్పుడు మోస్తాం? సాయంత్రం కిరాణాకి, పెట్రోలు బంకుకి, రాత్రి ఊరి మీద డ్రైవింగ్‌కి. ఉద్యోగి కారులో తాళం వేసి ఉంచుకుంటే టెక్సస్‌లో యజమాని మామూలుగా అడ్డుచెప్పలేడు, నిజమే. కానీ కారు అద్దం పగలగొట్టినవాడికి అది ఉచితంగా దొరుకుతుంది. కారులో పెట్టి మరిచిపోయే గన్ దొంగ కోసం కొన్న గన్నే. అదీగాక తీయడం, పెట్టడం ఎన్నిసార్లయితే ప్రమాదం అన్నింతలు. కాబట్టి హోల్‌స్టర్‌తో సహా నడుముకి తగిలించి, హోల్‌స్టర్‌తో సహా తీసి సేఫ్‌లో పెట్టేదే పద్ధతి. ట్రిగ్గర్ పూర్తిగా మూసే గట్టి ప్లాస్టిక్ హోల్‌స్టర్, డాట్‌కి చోటు కోసినది, దానికి తగ్గ బిగువైన బెల్టు. వీటి మీద పెట్టే డబ్బు పిస్తోలు మీద మిగుల్చుకోవచ్చు గానీ, అటునించి ఇటు మాత్రం కుదరదు.

లైసెన్సు అక్కర్లేకపోయినా నేను ఎల్‌టీసీ, అంటే టెక్సస్ ఇచ్చే పిస్తోలు మోసే లైసెన్సు, తీసుకున్నాను. కారణం చెబితే మా రేంజ్ కుర్రాడు నవ్వాడు గానీ నిజం. ఫెడరల్ చట్టం ప్రకారం బడికి 1000 అడుగుల లోపల గన్‌తో తిరగకూడదు, రాష్ట్రం ఇచ్చిన లైసెన్సు ఉన్నవాళ్ళకి మినహాయింపు. మా డాలస్ శివార్లలో, ఫ్రిస్కోలో, ప్లేనోలో మలుపుకో బడి ఉంటుంది. లైసెన్సు లేకుండా పాలకి వెళ్ళొచ్చినా దారిలో ఆ గీత దాటకుండా ఉండలేం. పరీక్షలో యాభై తూటాలు కాల్చాలి: మూడు గజాల నుంచి ఇరవై, ఏడు గజాల నుంచి ఇరవై, పదిహేను నుంచి పది. నూటికి డెబ్భై వస్తే పాసు. మొదటి రెండూ ఎవరైనా కొడతారు. ఆ చివరి పదే కళ్ళ సంగతి బయటపెడతాయి. ఎవరి పిస్తోలు ఎవరికి సరిపోయిందో ఆ పది చూస్తే చాలు.

నా తీర్పు ఇదీ. ముప్పయ్యేళ్ళ లోపు, కళ్ళు బాగున్నవాళ్ళు, నిజంగా సన్నటి బట్టల కింద దాచాల్సినవాళ్ళు చిన్న హెల్‌క్యాట్‌ని మామూలు సైట్లతోనే, పదమూడు తూటాల మ్యాగజైన్‌తో వాడుకోవచ్చు. డాట్ కోసం పిస్తోలు ధరలో సగానికి దగ్గరగా ఇంకో ఖర్చు ఎందుకు? ఆ డబ్బుకి తూటాలు కొని కాల్చుకుంటే మేలు. చత్వారం వచ్చినవాళ్ళు మాత్రం డాట్ తీసుకోండి, ఒక సైజు పెద్ద పిస్తోలు మీద తీసుకోండి. హెల్‌క్యాట్‌లోనే 2022లో ప్రో వచ్చింది. మందం అదే, బ్యారెల్ 3.7 అంగుళాలు, మ్యాగజైన్‌కి పదిహేను, ఎత్తు ముప్పావు అంగుళం ఎక్కువ, బరువు మూడు ఔన్సులు ఎక్కువ. గ్లాక్ 43ఎక్స్ ఎంఓఎస్ (డాట్‌కి గాడి ఉన్న రకం) కూడా ఇదే దారి, పది తూటాలే అయినా పిడి నిండుగా ఉంటుంది. ఈ రెండింటిలో ఏది పట్టుకున్నా చిటికెన వేలికి చోటుంటుంది, డాట్ ఎగిరి తిరిగొస్తుంది.

దాచలేం అనేవాళ్ళ మాటలో నిజముంది, కొట్టిపారెయ్యను. చొక్కా మీద ఉబ్బి కనబడేది బ్యారెల్ కాదు, పిడే. ఆ ముప్పావు అంగుళం పిడి కిందే వస్తుంది. అందుకు వాడేది హోల్‌స్టర్ పక్కన ఉండే చిన్న రెక్క. బెల్టు దాన్ని నొక్కితే పిడి ఒంటి వైపు తిరుగుతుంది. పొట్టలు ముందుకొచ్చిన మన వయసులో అది అందరికీ ఒకేలా కుదరదు. కుదరనివాళ్ళు చొక్కా ఒక సైజు పెంచండి.

కొనే ముందు రెండు సైజులూ అద్దెకిచ్చే రేంజ్‌కి వెళ్ళండి. రోజూ పెట్టుకునే కళ్ళద్దాలే పెట్టుకోండి, రేంజ్ కోసం ప్రత్యేకంగా ఇంకో జత వద్దు. ప్రమాదం వచ్చేటప్పుడు అద్దాలు మార్చుకునే వ్యవధి ఇవ్వదు. మొదటి మ్యాగజైన్ సంగతి పక్కన పెట్టండి, అందరికీ బాగానే పోతుంది. చెయ్యి అలిసి, అరచేయి చెమర్చాక, పిస్తోలు బల్ల మీద పెట్టి మళ్ళీ తీసి, ఏడు గజాల కాగితం మీద చుక్కని వెతక్కుండా పట్టగలిగారా అన్నది చూడండి. పెద్దదాని మీద పట్టి, చిన్నదాని మీద వెతుక్కుంటున్నారంటే బిల్లు దేనికి వేయించాలో మీకే తెలుస్తుంది. రెండింటి మీదా వెతుక్కుంటున్నారంటే ఆరోజు ఏదీ కొనకండి, రేంజ్‌లోనే ఉండే ఇన్‌స్ట్రక్టర్‌ దగ్గర ఒక గంట క్లాసు తీసుకుని ఇంటికి రండి.